నిద్రపోని యంత్రంలో జరిపిన గట్టు

హత్యానేరం మీద లాకప్పులో పడ్డ మనిషి పొద్దున్నే లేచి ఏమడుగుతుంది? లాయరెప్పుడొస్తాడంటుంది, పిల్ల అన్నం తిందా అంటుంది, ఏదీ కాకపోతే ఒక కప్పు కాఫీ అన్నా అడుగుతుంది. సైమి పిక్కరైనెన్ అవేవీ అడగలేదు. తలుపు తెరుచుకోగానే గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా తలెత్తి, "యంత్రం నడుస్తోందా?" అంది.

నిన్నా అదే అడిగింది. పట్టుకొచ్చిన పూటా అదే అడిగింది. ఆమెకు మతి చలించినట్టుందని కానిస్టేబుల్ తైస్తో కాగితం మీద రాసి కూడా పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ హెల్కా నూతినెన్ మాత్రం ఆ పొద్దున కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగే మనిషికి పిచ్చి అయినా ఉండాలి, లేదంటే వినేవాళ్ళకు చెవుడైనా ఉండాలి. చెవుడు తమకే ఉందేమోనన్న అనుమానం రాత్రంతా హెల్కాను నిద్రపోనివ్వలేదు.

జరిగింది చెప్పుకుంటే నాలుగు ముక్కలే. గురువారం సాయంత్రం, కల్లియోనెవ ఊళ్ళో ఇళ్ళన్నిటికీ వేడినీళ్ళు పంపే బాయిలర్ కేంద్రంలో, షిఫ్టు పెద్ద సులెవి తన్‌స్కనెన్ ఆవిరి గొట్టం కింద నిలబడి ఉండగా పైనున్న వాల్వ్ తెరుచుకుంది. శవాన్ని గుర్తు పట్టడానికి అతని భార్యకు వేలి ఉంగరం చూపించవలసి వచ్చింది. ఆ వాల్వ్ ఎవరూ చేత్తో తిప్పలేదు, కంప్యూటర్ నుంచి తెరిచారు. ఎవరు తెరిచారయ్యా అంటే, గోడ మీది బోర్డులో ఎర్రటి అక్షరాలతో సైమి పేరు వెలుగుతోంది. ఆ కేంద్రంలో కంప్యూటర్ చూసుకునేది ఆమే. అంతకు వారం ముందు క్యాంటీన్లో అందరూ చూస్తుండగా సులెవితో మాటా మాటా అనుకుంది కూడా. ఆ వేళకు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానంటుంది, కూతురు స్కేటింగ్‌కి పోయిందంటుంది, చూసినవాళ్ళు లేరు.

ఇంకేం కావాలి? మధ్యాహ్నం కోర్టు. జడ్జి ఊఁ అన్నాడంటే విచారణ తేలేదాకా జైలే. పిల్ల ఇప్పటికే పక్కింటివాళ్ళ సోఫా మీద పడుకుంటోంది.

"నడుస్తోంది," అంది హెల్కా. "ఇప్పుడు చెప్పు. అది నడిస్తే నీకేంటి, ఆగితే నీకేంటి?"

ఎగతాళి ఉందేమోనని సైమి ఆవిడ ముఖంలో కాసేపు వెతుక్కుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున, పోలీసులు తన కోసం రాకముందే, ఆమె కంప్యూటర్ గదిలోకి వెళ్ళి తెర చూసిందట. యంత్రం ఒక వాక్యం రాసి పెట్టి ఉంది. ఈ భాగం వాడుకలో ఉంది, కొత్త పటం రాసుకున్నాను, కాని మళ్ళీ నిద్రలేచాకే దాని ప్రకారం నడుస్తాను అని. "నేను ఏ కొత్త పటమూ రాయలేదమ్మా," అంది సైమి. "ఆ మాట అప్పుడే తైస్తోకు చెప్పాను. బేడీలు వేస్తూ తలూపాడు."

పటమేమిటో నాకర్థమయ్యేట్టు చెప్పు, నేను పల్లెటూరిదాన్ని అంది హెల్కా. అప్పుడు సైమి వేలితో దుప్పటి మీద గీతలు గీసింది. డిస్క్ అంటే ఒక పొడుగాటి పొలం అనుకోమంది. దాన్ని మడులుగా విడగొట్టి గట్లు వేస్తారు, పార్టిషన్లంటే అవే. ఏ గట్టు ఎక్కడుందో పొలం మొదట్లో ఒక పటం రాసి ఉంటుంది. యంత్రం నిద్ర లేచినప్పుడు ఆ పటం ఒక్కసారి చదువుకుంటుంది, ఆ తర్వాత తలలో ఉన్నదాని ప్రకారమే దున్నుకుంటూ పోతుంది. నడుస్తుండగా ఎవరైనా వచ్చి పటం మార్చినా, ఆ మడిలో పని జరుగుతున్నంతసేపూ పాత గట్లే దానికి గట్లు. ఆపి మళ్ళీ లేపితేనే కొత్త పటం అమల్లోకి వస్తుంది.

"అంటే ఇప్పుడు పొలం మీద ఒక పటం, యంత్రం తలలో ఒక పటం," అంది హెల్కా.

"రెండూ కలవవు. ఏ తెర ముందు కూర్చుని ఎవరు ఏ వాల్వ్ తిప్పారో రాసి ఉండే మడి ఒకటుంది. దానికి తాళం. ఆ తాళం పెట్టె మడి గట్టు పక్కనే ఉంటుంది. కొత్త పటంలో ఎవరో ఆ గట్టును జరిపి, తాళం పెట్టె మీదుగా ఇంకో మడి గీసి, దాన్ని చదును కూడా చేశారు. పెట్టె పోయింది. తాళంచెవి ఇప్పుడు యంత్రం తలలో తప్ప ఇంకెక్కడా లేదు. అది ఒక్కసారి కన్ను మూసిందంటే, ఆ మడిని ఈ లోకంలో ఎవరూ తెరవలేరు."

ఉత్తినే చెరిపేస్తే పోయేదానికి గట్లు జరపడమెందుకని హెల్కా అడిగింది. చెరిపినదాన్ని హెల్సింకి వాళ్ళు తవ్వి తీస్తారు, తాళం పోయినదాన్ని తీయలేరు, అది తెలిసినవాడు చేసిన పని ఇది అంది సైమి. మరి వాడే అప్పుడే యంత్రాన్ని ఆపి లేపలేదేం అంటే, అది ఆగితే కేంద్రమంతా సైరన్ మోగుతుంది, ఏ తెర ముందు ఎవరున్నారో అందరూ పరిగెత్తుకొచ్చి చూస్తారు అంది.

హెల్కా చిన్నప్పుడు వాళ్ళ నాన్నకూ పక్క రైతుకూ హద్దురాయి దగ్గర నలభై ఏళ్ళ పగ ఉండేది. హద్దురాయి జరిపినవాడు చచ్చాక ఆ రాయి మోసుకుని అడవంతా ఏడుస్తూ తిరుగుతాడని వాళ్ళ ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. పక్క రైతు పోయిన ఏడాది గాలి వీచినప్పుడల్లా వాళ్ళ నాన్న కిటికీ మూసేవాడు. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో గాని, ఆవిడ చేతుల మీద రోమాలు లేచాయి.

"ఇలాంటి కేసులో యంత్రాన్ని పోలీసులేం చేస్తారు?" అని సైమి అడిగింది.

తీగ పీకి పెట్టెలో పెట్టి హెల్సింకికి పంపుతారు. రూలు అదే. అందుకోసమే సైబర్ విభాగం నుంచి యోఆకిమ్ సాండెల్ పొద్దున్నే వ్యాన్ వేసుకుని దిగాడు. హెల్కా అతనికి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు.

*

ఆవిడ బాయిలర్ కేంద్రం మేడమెట్లు ఎక్కేసరికి సాండెల్ యంత్రం వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని తీగ ఎక్కడిదాకా పోయిందో చూస్తున్నాడు. ఆ యంత్రానికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు ముమ్మో, అంటే అమ్మమ్మ. ఏటా అది పుట్టిన రోజున ఎవరో ఒకరు దాల్చినచెక్క రొట్టె చేసుకొచ్చి, కొవ్వొత్తి వెలిగించి, దాని ముందే కూర్చుని తినేవాళ్ళు. ఎన్నేళ్ళుగానో ఒక్కసారి కూడా ఆపని యంత్రం కదా, ముద్దు.

"చెయ్యి తియ్యి," అంది హెల్కా.

సాండెల్ తిరిగి చూశాడు. ముప్పై అయిదేళ్ళవాడు, హత్యలు చూసినవాడు కాదు గాని యంత్రాలు చాలా చూశాడు. పల్లెటూరి ఇన్‌స్పెక్టర్లంటే అతనికి ఎప్పుడూ ఒక జాలి. "రండి రండి. మీ లాకప్పులో మనిషి అదే చెప్పమందా? హంతకురాలు యంత్రాన్ని ముట్టుకోవద్దంటే మనం ముట్టుకోకూడదు కాబోలు."

"నేను చెబుతున్నాను."

"ఎందుకు ఆపకూడదో చెప్పగలరా? ఒక్క కారణం, మీ మాటల్లో."

హెల్కా తనకర్థమైనంత చెప్పింది. పొలమంది, గట్లంది, తాళం పెట్టె అంది. అతను నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. ఆవిడ అది చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. కోడిపుంజు కూసినంత మాత్రాన తెల్లవారదని ఆవిడకు తెలుసు.

అంతలో కేంద్రం మేనేజర్ ఆర్మస్ హియెతల లోపలికొచ్చాడు. తెల్ల గడ్డం, మెత్తటి గొంతు, కళ్ళకింద నిద్రలేని నీడలు. సాండెల్‌కు ఏ సాయం కావాలన్నా చేస్తానని, యంత్రాన్ని నిరభ్యంతరంగా తీసుకెళ్ళమని, మనుషుల్ని పెట్టి వాల్వులు చేత్తో తిప్పించుకుంటామని, ఎటూ చిన్న యంత్రం ఒకటి ఉందని చెప్పాడు. "తీగ పీకేయడమే శుభ్రమైన పద్ధతి," అన్నాడు.

ఆ మాట దగ్గరే హెల్కాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. నిరుడు ఇదే చలికాలంలో అగ్నిమాపక శాఖవాళ్ళు వచ్చి, తనిఖీకి ఒక్క గంట యంత్రం ఆపమంటే, ఇదే మనిషి వాళ్ళను మెట్లమీంచి కిందికి దింపి పంపాడు. ఊళ్ళో ముసలివాళ్ళు గడ్డకట్టి చస్తారు, ఆ పాపం మీరు మోస్తారా అని అరిచాడు. ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు బయట సున్నాకు ముప్పై డిగ్రీలు కింద చలి. పులి వచ్చి నేను గడ్డి మేస్తానంటే మేక ఎలా నమ్ముతుంది?

ఆ సంగతే అడిగింది. హియెతల తడుముకోలేదు. "ఒక మనిషి పోయాడు, హెల్కా. ఇంకా యంత్రం గురించి చూసుకుంటామా?"

మంచి జవాబే. మరీ మంచి జవాబు.

ఆ సాయంత్రం ఎవరెక్కడున్నారని మళ్ళీ మొదటినుంచీ అడిగింది. గురువారం కేంద్రం కింది అంతస్తులోని సౌనాలో, అంటే ఆవిరిస్నానం గదిలో, స్నానాల రోజు. ముందు ఆడవాళ్ళ వంతు, ఆరు దాటాక మగవాళ్ళ వంతు. మగవాళ్ళ వంతులో ముగ్గురే ఉన్నారు. హియెతల, సులెవి, కేంద్రానికి చెక్కపొట్టు అమ్మే ఒన్ని రైసనెన్. ఏడున్నరకు సులెవికి గొట్టం కారుతోందని కబురొచ్చింది. బట్టలేసుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు.

"తర్వాత నువ్వూ ఒన్నీ లోపలే ఉన్నారు."

"లోపలే."

"మధ్యలో బయటికి వెళ్ళలేదా?"

హియెతల చిన్నగా నవ్వాడు. "చల్లబడ్డానికి వెళ్ళుంటాం. ఒన్నీ వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. సౌనాలో ఎవరెప్పుడు బయటికెళ్ళి ఎంతసేపు మంచులో నిలబడొచ్చారో లెక్క పెట్టుకునేవాడు ఎవడైనా ఉంటాడా?"

ఉండడు. హెల్కా కూడా పుట్టినప్పటినుంచీ సౌనాలో పెరిగిన మనిషే. పక్కన కూర్చున్నవాడు లేచి వెళ్ళాడంటే తలుపు మూసిన చప్పుడు వింటాం, అంతే. ఎందుకు వెళ్ళావని అడగడం అక్కడ మర్యాద కాదు. ఒక మనిషి కాసేపు లోకం కళ్ళలోంచి మాయమవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. ఆ ఆలోచన రాగానే ఆవిడకు ఆ గదిలో చలేసింది.

సాండెల్‌ను పక్కకు పిలిచి ఒక బేరం పెట్టింది. సైమిని ఇక్కడికి తీసుకొస్తాను, యంత్రం ఆగకుండానే ఆ మడిలోది బయటికి తీయిస్తాను అంది.

అతని ముఖం ఎర్రబడింది. "నిందితురాలి చేత సాక్ష్యం ముట్టిస్తారా? రేపు కోర్టులో మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి."

"ఆమె ముట్టుకోదు. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటుంది. చెప్పేది ఆమె, టైపు చేసేది నువ్వు. నీకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ దేశంలో లేరని నువ్వే అంటావుగా నాయనా. ఆమె అబద్ధం చెబితే నీకు తెలియదా?"

కాదంటే తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. కోర్టు వేళకు వ్యాన్ కదలాలి, అంతవరకే అని చెప్పి, పటం ఒకసారి తనూ చూద్దామని తెర వైపు వంగాడు. చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. పొలం మీది పటం ఒకటి చెబుతోంది, యంత్రం ఇంకోటి చెబుతోంది. ఆ తర్వాత హెల్కా సైమిని తీసుకుని వచ్చేదాకా అతను తీగ దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు, హియెతలను కూడా.

*

బేడీలతో ఉన్న సైమి మెట్లెక్కి వస్తుంటే హియెతల గుమ్మంలో ఎదురయ్యాడు. ఆమెను చూశాడు, హెల్కాను చూశాడు. మున్సిపాలిటీకి ఫోన్ చేయాలని చెప్పి కిందికి దిగిపోయాడు. అడుగుల చప్పుడు తొందరగా లేదు.

గదికి ఒకటే తలుపు, అది వసారాలోకి. వసారా పైన ఆవిరి గొట్టం పోతుంది. అవతలి గోడకు ఒక కిటికీ, దానికింద చెక్కపొట్టు షెడ్డు రేకులు. హెల్కా అలవాటు కొద్దీ అవన్నీ చూసుకుని, ఫోన్‌లో వీడియో పెట్టి గోడకు ఆనించింది. సైమిని యంత్రానికి రెండు బారల దూరంలో కూర్చోబెట్టింది.

వేరే డిస్క్ తగిలించి దాంట్లోకి తీయొచ్చుగా అన్నాడు సాండెల్. వెనకాల చూడమంది సైమి. ముమ్మోకు ఉన్న కన్నాలన్నీ జిగురుతో పూడ్చి ఉన్నాయి, ఎవరో ఎప్పుడో పురుగు పట్టిన పెన్‌డ్రైవ్ పెట్టాక సులెవే పూడ్పించాడు. బయటి లైన్ కూడా లేదు. తెర ఫోటో తీస్తే చాలదా అంది హెల్కా. ఏ లాయరైనా దాన్ని నమిలి ఊస్తాడన్నాడు సాండెల్.

"డిస్క్ చివర బీడు ఉంది," అంది సైమి. "ఎవరూ వాడలేదు. అక్కడ కొత్త మడి గీద్దాం. తాళం లేకుండా. ఇందులోది అందులోకి తోడేస్తే, ఆ తర్వాత యంత్రం పడుకున్నా ఫరవాలేదు."

సాండెల్ తలూపి గబగబా టైపు చేశాడు. బీడులో కొత్త గట్టు పడింది. జరిగిన పాత గట్టును కూడా పటంలో మొదటున్న చోటికి లాగాడు. తర్వాత అతని వేళ్ళు వాటంతట అవే ఇంకో మాట కొట్టడం మొదలుపెట్టాయి.

"ఆ మాట కొట్టకు," అంది సైమి.

అతని వేలు గాలిలో ఆగింది. "పటం మళ్ళీ చదవమని చెప్పొద్దా?"

"మొత్తం చదవమంటే, పాత మడిని ఒక్క క్షణం వదిలి మళ్ళీ పట్టుకుంటానంటుంది. వదిలితే తాళంచెవి పోతుంది. మొత్తం చదవమనకు. కొత్తగా ఒక మడి వచ్చింది, దాన్ని మాత్రం చేర్చుకో అని చెప్పు. దాని పేరొక్కటే చెప్పు. మిగతావాటి జోలికి పోకు."

సాండెల్ రాసిందంతా చెరిపి, ఆమె చెప్పినట్టు ఒక్క మడి పేరే కొట్టాడు. ఎంటర్ మీద వేలు పెట్టే ముందు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో పొగరు లేదు. ఈమె అబద్ధం చెబుతుంటే ఇప్పుడే అంతా పోతుందని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

నొక్కాడు. యంత్రం ఫ్యాను ఒకేలా తిరుగుతోంది. తెర మీద కొత్త మడి పేరు వచ్చింది. పాతది పాతచోటే ఉంది.

"ఒప్పుకుంది," అన్నాడు సాండెల్, నమ్మలేనట్టు.

తోడడం మొదలైంది. పదో వంతు, అయిదో వంతు అని అంకెలు పాకుతున్నాయి. ఈలోగా గురువారం సాయంత్రం ఏముందో చూడమంది హెల్కా. సాండెల్ పాత మడి తెరిచి వెతికాడు. వాల్వ్ తెరిచిన వేళ వచ్చింది, ఎనిమిదికి పావు గంట తక్కువ. పేరు సైమి పిక్కరైనెన్. తెర: సౌనా బట్టలగది.

సైమి ముఖంలో రక్తం దిగిపోయింది.

"బట్టలగదిలో చిన్న తెర ఉంది," అంది మెల్లగా. "స్నానం చేస్తూ బాయిలర్లు చూసుకోవడానికి. ఆడవాళ్ళ వంతులో తడి జుట్టుతోనే ఒకసారి చూశాను. నా పేరు మీద తెరిచాను. మూయడం మరిచిపోయి ఇంటికెళ్ళిపోయాను."

హెల్కా సాండెల్‌తో, "ఆ వేళకు ఎవరి వంతు?" అంది.

"మగవాళ్ళది." అతను ఆగాడు. "మగవాళ్ళ వంతులో ఆడమనిషి బట్టలగదిలోకి రాదు. కల్లోనైనా రాదు."

"ఇంక ముగ్గురు మగవాళ్ళు. ఒకడు చచ్చాడు. రెండోవాడు ఒన్ని, చెక్కపొట్టు తప్ప ఈ పటాలేవీ తెలియనివాడు, పొద్దున్నుంచీ స్టేషన్లో తైస్తోకు వాంగ్మూలం ఇస్తున్నాడు."

మూడోవాడి పేరు ఎవరూ అనలేదు. పగిలిన గొట్టాన్ని పగలలేదని రాసి సంతకం పెట్టినవాడు హియెతల అని, ఆ మాట అధికారులకు చెప్పేస్తానని సులెవి అన్నాడని సైమి చెప్పింది. క్యాంటీన్లో తాము పోట్లాడింది కూడా దానికేనట. చెప్పేముందు కొన్నాళ్ళు ఆగమంది తను, యంత్రం ఆపాల్సొస్తుందని. తనూ ఆగమందన్న మాట దగ్గర ఆమె ముమ్మో మీంచి చూపు తిప్పేసుకుంది.

సగం అయింది. హెల్కాకు ఒక ఆలోచన తట్టింది. నీ పేరు మూయలేదన్నావే, యంత్రం ఆగనప్పుడు ఆ పేరు ఇంకా తెరిచే ఉంటుందా అని అడిగింది. సాండెల్ వెంటనే లోపల ఎవరెవరున్నారో చూపమని కొట్టాడు.

రెండు పేర్లొచ్చాయి. ఒకటి ఈ గదిలో తెర ముందు, ఆమె చెప్పిన పాస్‌వర్డ్‌తో సాండెల్ తెరిచిన సైమి. రెండోది సౌనా బట్టలగదిలో, ఇంకో సైమి. ఆ రెండో పేరు పక్కన అంకె కదులుతోంది. ఎవరో అక్కడ అక్షరాలు కొడుతున్నారు, ఇప్పుడు, ఈ నిమిషాన.

సైమి తెర వైపు వంగింది. "నేను ఇక్కడున్నాను," అంది. "మరి కింద నేనెవరు?"

"వాడు దాన్ని పడుకోబెడతాడు," అన్నాడు సాండెల్. "సైరన్ సంగతి వాడికిప్పుడు అక్కర్లేదు."

ఆ లైను తెంపమంది సైమి. రెండు పేర్లూ ఒకటే, తప్పుగా తెంపితే మనమే తెగిపోతాం, వరుస చివర తెర పేరు చూసి తెంపమంది. సాండెల్ నుదుటి మీద చెమట. చివర చూశాడు, మళ్ళీ చూశాడు, కొట్టాడు. రెండో సైమి మాయమైంది. ఒక్కతే మిగిలింది. అంకెలు పాకుతూనే ఉన్నాయి. ముప్పాతిక దాటింది.

హెల్కా తైస్తోకు ఫోన్ చేసింది. ఉన్నవాళ్ళందరినీ తీసుకుని రమ్మంది. రోడ్డంతా గాజులా గడ్డకట్టింది, అరగంటైనా పడుతుందన్నాడు. ఆవిడ ఇంకా చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే ఉంది, వసారాలోంచి పాము బుస కొట్టినట్టు ఒక చప్పుడు మొదలైంది. ముందు సన్నగా, తర్వాత గోడ వణికేంత. తలుపు కిందనుంచి తెల్లటి ఆవిరి నాలుక చాపింది. తలుపు పిడి మీద చెయ్యి వేయబోయి హెల్కా వెనక్కి తీసుకుంది. పిడి మీది రంగు బుడగలు కడుతోంది.

"తెర నుంచి కుదరకపోయేసరికి చేత్తో తిప్పాడు," అంది సైమి.

ఎవరూ అరవలేదు. సాండెల్ కుర్చీలోంచి లేవలేదు, తెర వంకే చూస్తున్నాడు. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. హెల్కా బేడీల తాళం తీసి సైమి చేతులు వదిలించింది. రూలు ప్రకారం తీయకూడదు. ఉడికిపోయే గదిలో మనిషిని కట్టేసి ఉంచే రూలు ఆవిడ ఎక్కడా చదవలేదు.

తెర మీద చివరి అంకె పడింది. సాండెల్ కొత్త మడి తెరిచి ఆ వరుస ఉందో లేదో చూశాడు. ఉంది. పేరు, వేళ, సౌనా బట్టలగది. తాళం లేదు, ఏ యంత్రానికి తగిలించినా చదువుతుంది.

"అయింది," అన్నాడు. "ఇప్పుడేం చేయమంటావు?"

అతను అడిగింది హెల్కాను కాదు.

సైమి ముమ్మో మీద అరచెయ్యి ఆనించింది. ఎన్నేళ్ళుగానో పండక్కి కూడా సెలవు పెట్టకుండా కాపాడుకున్న యంత్రం. తన పేరు మీద ఒక మనిషిని చంపింది కూడా ఇదే. "ఇంక పడుకోనీ," అంది. "తీగ పీకు. డిస్క్ తీసి నాకివ్వు. నా కూతురి దగ్గరికి నేను వెళ్ళే దారి అందులోనే ఉంది."

సాండెల్ పీకాడు. ఫ్యాను ఒక్క నిట్టూర్పుతో ఆగింది. మరుక్షణం కేంద్రమంతా సైరన్ లేచింది. అతను మరలు విప్పుతున్నంతసేపూ ఆవిరి మోకాళ్ళదాకా వచ్చింది, గాలి పీలిస్తే గొంతు కాలుతోంది. అరచేయంత ఇనప పెట్టె బయటికి వచ్చింది. సైమి దాన్ని స్వెటర్ లోపల గుండెకు ఆనించి పెట్టుకుంది. హెల్కా కుర్చీ ఎత్తి కిటికీ అద్దం మీద కొట్టింది. రెండో దెబ్బకు పగిలింది. చలి కత్తిలా లోపలికొచ్చింది. షెడ్డు రేకులు నిలువెత్తు కిందికున్నాయి, దూకొచ్చు.

ఆవిడ తల బయటికి పెట్టి చూసింది.

షెడ్డు పక్కన మంచులో ఆర్మస్ హియెతల నిలబడి ఉన్నాడు. ఒంటిమీద కోటు లేదు. వాల్వులు తిప్పే పొడుగాటి ఇనప కడ్డీ భుజాన పెట్టుకున్నాడు. అంత చలిలోనూ అతనికి తొందరేమీ ఉన్నట్టు లేదు. గదిలోంచి బయటికి రావడానికి ఇంక ఒకటే దారి ఉందని లెక్క చూసుకున్న మనిషిలా, తల పైకెత్తి, మొదట ఎవరి కాలు బయటికొస్తుందా అని చూస్తున్నాడు.